పురుగుమందు ఒలికినపుడు రైతులు చేయవలసిన పనులు



పైరులను కాపాడుటకై మన మిండ్లలో నుంచుకొను మందు పురుగునకే గాక మనుష్యునకును, పశువునకును విషమే. మందు చల్లునపుడు జాగ్రత్త వహించువారు పెక్కురు కలరు. కాని కొట్టులో సీసా పగిలినపుడును, బండిమీద డబ్బా కారినపుడును, కలుపుచుండగా మందు ఒలికినపుడును ఏమి చేయవలయునో యెరిగినవారు కొలదిమందియే.

అట్టి సమయమున మనకు వెంటనే తోచునది బిందెడు నీళ్లు తెచ్చి కడిగివేయుట. ఇది గొప్ప పొరపాటు. నీళ్లు పోసినంతమాత్రమున విషము నశింపదు, పలుచనై పరచుకొనును. జానెడు చోట నున్న మందు కొట్టంతయు నల్లుకొని, వాకిటికిని, అచ్చటినుండి పశువుల తొట్టికిని, బావికిని చేరును. కావున నీ యొక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను: నేలమీద ఒలికిన మందునకు పొడిమన్ను, ఒంటిమీద పడిన మందునకు నీరు. ఈ రెంటిని తారుమారు చేయరాదు.

నేలపై ఒలికినపుడు

1. పిల్లలను, పశువులను, కోళ్లను దూరముగా తోలి తలుపులు, కిటికీలు తెరువవలెను. కొన్ని ద్రవపు మందులలో మండెడు నూనెలు కలిసియుండును గనుక దీపము, పొయ్యి, చుట్ట, బీడీ దగ్గర నుండరాదు.

2. రబ్బరు చేతితొడుగులు, బూట్లు ధరింపక మందును తాకరాదు. ముక్కునకు గుడ్డ కట్టినంతనే మందు ఆవిరి ఆగిపోదు. కావున గాలి వీచు వైపున నిలిచి పని చేయవలెను. కారుచున్న డబ్బాను మొదట నిలువబెట్టవలెను.

3. పొడిమన్ను గాని, ఇసుక గాని తెచ్చి ముందు చుట్టును గట్టువలె పోసి, పిమ్మట నడుమ చల్లి, తడి యంతయు పీల్చుకొనువరకు ఆగవలెను. ఒలికినది పొడిమందైనచో ఊడ్చినయెడల ధూళి లేచి ఊపిరితో లోపలికి పోవును. కావున దానిపై కొంచెము తేమగల ఇసుకను కప్పి ఎత్తవలెను.

4. అంచులనుండి నడుమకు పారతో ప్రోగుచేసి గట్టి డబ్బాలో నుంచి, మూత బిగించి, "విషము" అని వ్రాయవలెను. మట్టి నేలయైనచో తడిసినంత మేర మట్టిని త్రవ్వి తీయవలెను. దీనిని కాల్చరాదు; కాలువలో గాని, పెంటకుప్పపై గాని పారవేయరాదు. మండల వ్యవసాయాధికారికి తెలిపి వారు చెప్పినట్లు చేయవలెను.

ఒంటిమీద పడినపుడు

తడిసిన బట్టలను తక్షణమే విప్పి, సబ్బుతోను విస్తారమైన నీటితోను చర్మమును, వెంట్రుకలను, గోళ్లసందులను కడుగవలెను. కంట పడినచో రెప్పలు విడదీసి 15 నిమిషములు తగ్గకుండ శుభ్రమైన నీరు ధారగా పోయవలెను. ఆ బట్టలను ఇతర బట్టలతో కలిపి ఉతుకరాదు. మందు మ్రింగినవారికి ఇంటివారు వాంతి చేయింపరాదు. నూనె కలిసిన మందు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులు చర్మము గుండనే రక్తమున ప్రవేశించి, నరములు కండరముల నడుపు ఏర్పాటును చెరచును. చెమట, చొంగ, కంటిపాప సన్నగిల్లుట, కండరములు అదరుట, ఊపిరి సలుపకుండుట దీని చిహ్నములు. ఇవి కొన్ని గంటల పిమ్మటనైన కనబడవచ్చును. డబ్బాను గాని, దానిపై చీటీని గాని వైద్యునికి చూపవలెను. ఏ మందో తెలిసినచో అట్రోపిన్ మొదలగు విరుగుడును నిర్ణయించుట వైద్యునికి సులభమగును. చీటీపై క్రింది త్రికోణము ఎరుపైనచో మిక్కిలి ఘోరమైన విషము. తరువాత క్రమముగా పసుపు, నీలము, ఆకుపచ్చ.

తిండిగింజలపై పడినపుడు

ధాన్యపు బస్తాపై గాని, మేతపై గాని మందు ఒలికినయెడల కడిగి ఎండబెట్టి వాడుకొందమను లోభము కలుగును. బస్తా వెల గొప్పదే. కాని 2013వ సంవత్సరము జూలై 16వ తేదిని బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలో నొక గ్రామ పాఠశాలయందు మధ్యాహ్న భోజనము తిని 23 మంది బాలబాలికలు మరణించిరి. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలెను. కావున మందు తగిలిన గింజను మనుష్యులకు గాని పశువులకు గాని పెట్టరాదు. ఖాళీ డబ్బాలో నూనె, నీరు పోయరాదు. మందును తిండిసామగ్రి గల గదిలో నుంచరాదు.

మందు ఒలికిన పిమ్మట మన్నుకై వెదకుట వలన ప్రయోజనము లేదు. కావున ప్రతి రైతును నేడే తన మందుల కొట్టు వాకిట నొక తట్టెడు పొడిమన్ను, ఒక పార, ఒక సబ్బుబిళ్ల సిద్ధముగా నుంచి, ఇంటివారందరికిని వాని నుపయోగించు విధము తెలుపవలెనని కోరుచున్నాము.