గూడబాతుల పద్దు

బెంగుళూరు నుంచి మైసూరుకు పాత రోడ్డున పోయేవారికి చన్నపట్న దాటిన తరువాత (బొమ్మల చన్నపట్న సుమండీ, మన చెన్నపట్నం కాదు), మద్దూరు ఇంకా రాకముందే రుద్రాక్షిపుర అనే చిన్న ఊరు తగులుతుంది. అక్కడ ఎడమచేతికి తిరిగి పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోతే కొక్కరె బెళ్ళూరు. కన్నడంలో కొక్కరె అంటే కొంగ. ఊరి పేరులోనే కొంగ ఉన్నది గనుక అవి అక్కడికి నిన్న మొన్న వచ్చిన చుట్టాలు కావని తెలుస్తూనే ఉన్నది. మండ్య జిల్లాలో వ్యవసాయం చేసుకొని బ్రతికే సామాన్యమైన పల్లె అది. చుట్టూ అడవి లేదు. ఇండ్ల మధ్య, పెరళ్ళలో, వీథి మలుపులలో చింతచెట్లు, రావి మర్రి జాతి చెట్లు మాత్రం ఉన్నవి. ఆ కొమ్మలమీద, మనుష్యుల నెత్తిమీదనే అన్నట్లు, ఏటా గూడబాతులూ, తోక దగ్గర గులాబిరంగు పులిమినట్లుండే పెద్ద కొంగలూ గూళ్ళు కట్టి పిల్లలను లేపుతవి.

గూడబాతును చూడని పాఠకులకు రెండు మాటలు. బాతు అని పేరేగాని బాతుకూ దీనికీ పోలిక లేదు. నాలుగైదు కిలోల బరువు, ముక్కు క్రింద వేలాడే సంచి, రెక్కలు చాచితే మంచం కంటె పొడుగు. కన్నడంలో దీనిని హెజ్జార్లె అంటారు. గుడ్లను నెలరోజులు పొదుగుతుంది. పిల్లలకు రెక్కలు వచ్చి ఎగిరిపోవడానికి మూడు మొదలు ఐదు మాసాలు పడుతుంది. అంటే ఒక్కొక్క కాపురం సుమారు అర్ధసంవత్సరం ఆ చెట్టును అద్దె లేకుండా వాడుకుంటుందన్న మాట. ప్రపంచం మొత్తంమీద ఈ జాతి గూడుకట్టే దేశాలు బహు తక్కువ. మన దేశము, సింహళము, కంబోడియా వానిలో ముఖ్యమైనవి.

అద్దె అనే మాట మేము వేళాకోళానికి అనలేదు. మా ఉద్యోగం పొద్దున పదింటి నుంచి సాయంత్రందాకా జమాఖర్చులు వ్రాయడం. ఎవరైనా ఫలానా ఊరివారు పక్షులను ప్రేమిస్తారని చెప్పగానే, ఆ ప్రేమ ఏ పద్దుక్రింద ఖర్చు వ్రాస్తున్నారో చూడాలనిపిస్తుంది. నిరుడు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక ఆదివారం కుటుంబసమేతంగా పోయినప్పుడు మేము ముఖ్యంగా చూచినది అదే.

ఖర్చు వైపు మొదటి పద్దు చింతపండు. చింతకాయ పండి ఎండేది మాఘఫాల్గుణాల చుట్టుపట్ల. గూళ్ళలో పిల్లలు మెడలు చాచి మేతకు అరిచేదీ సరిగ్గా అప్పుడే. పండు దించాలంటే మనిషి చెట్టెక్కి కొమ్మలు ఊపాలి, గడలతో కొట్టాలి. గూడున్న కొమ్మను ఊపితే పిల్ల నేలను పడి చస్తుంది. అందుచేత గూళ్ళున్న చెట్టును ఆ యేటికి వదలివేయడమే ఆ ఊరి మర్యాద. అక్కడక్కడ మిగిలిన కాయమీద రెట్ట పడి వర్తకుడు ముట్టుకోడు. చింతపండు ధర ఎట్లున్నదో ఇంట్లో పులుసు పెట్టుకొనే మన ఆడవారికి మేము చెప్పనక్కరలేదు. పల్లెలో రెండు మూడు చెట్లున్న ఇంటికి ఆ గుత్త డబ్బే పండుగకు బట్టలు, పిల్లలకు పుస్తకాలు.

ఇక జమ వైపు ఎరువు ఉన్నది. చెట్ల క్రింద గోతులు త్రవ్వి, చెరువు ఒండ్రు తెచ్చి నింపి, పైనుంచి పడిన రెట్ట అందులో కలిసిన తరువాత ఆ మట్టిని పొలాలకు తోలుకొనే అలవాటు ఆ ఊళ్ళో ఉండినది. మంచి ఉపాయమే. ఐతే దీనివలన లాభం పొలమున్నవానికి, నష్టం చెట్టున్నవానికి. ఇద్దరూ ఒకరే కానక్కరలేదు. ఊరి లెక్కలో కొట్టివేతకు వచ్చేది ఇంటి లెక్కలో రాదు.

ఐనా ఇన్నాళ్ళూ ఎట్లా నడచినది? ఆ ఊరివారు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. పూర్వం ఊరు శింషా నది ఒడ్డునే ఉండేదట. గత శతాబ్ది మొదట్లో మహమ్మారి వచ్చి జనం ఊరు విడిచి ఇప్పటి చోటికి వచ్చి ఇండ్లు వేసుకొన్నారు. మరుసటి ఋతువులో పక్షులు పాత ఊరికి పోక, వెతుక్కుంటూ వీరి వెంటనే వచ్చినవట. అట్లా వచ్చినవానిని కాదనడం ఎట్లా? పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని అక్కడివారు వానిని భావిస్తారు. ఈ మాట పత్రికలవారంతా వ్రాసినదే. మేము ఒక ఇంటి అరుగుమీద కూర్చున్న ముసలవ్వను, "అవ్వా, పురిటికి వచ్చిన పిల్లలకైతే అయిన ఖర్చు లెక్క కట్టముగదా?" అని అడిగినాము. ఆమె కన్నడంలో అన్నదానిని తెలుగులో చెబితే ఇది: "నేను కట్టలేదు నాయనా, నా కొడుకూ కట్టలేదు. మనుమడు కడుతున్నాడు."

ఆ మనుమడిని తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1976లో ఎస్. జి. నేగినహాళ్ అనే అటవీశాఖ అధికారి ఈ ఊరిని చూచి బయటి లోకానికి తెలియజేసిన తరువాత, గూళ్ళున్న చెట్ల యజమానులకు ఏటా పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చినది. పద్ధతి మంచిదే గాని, చింతపండు ధరతోపాటు పరిహారం పెరగదు. చెట్టు కొట్టించి అమ్మితే కలపకు వచ్చేది ఒక్కసారిగా చేతిలో పడుతుంది. ఇల్లు పెంచుకోవాలన్నా, పెండ్లి చేయాలన్నా అదే కనబడుతుంది. ఊళ్ళో ఈ చెట్లు తగ్గిపోవడం పక్షిశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్న బాధ.

1990లలో ఊరి యువకులు, మైసూరు పక్షిప్రియుల తోడ్పాటుతో, హెజ్జార్లె బళగ అనే సంఘం పెట్టుకొన్నారు. బళగ అంటే బంధువర్గం. గూటినుంచి జారిపడిన పిల్లలను కుక్కల పాలు గాకుండా తెచ్చి, కంచె వేసిన చోట ఉంచి, చేపలు పెట్టి పెంచి, ఎగరగలిగిన తరువాత విడిచిపెట్టడం వారి ముఖ్యమైన పని. గూడబాతు పిల్లకు ఆకలి ఎక్కువ. చేపలు ఎవరో కొనాలి గదా! ఇక్కడే మొదటిసారి ఈ పక్షుల పద్దులో ఊరి బయటివారి చందా పడినదనుకోవచ్చు. 2002లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, ప్రజల స్వంత భూములు వారి చేతిలోనే ఉంచి, ఊరివారితో కూడిన కమిటీ ద్వారా ప్రాణులను కాపాడే ఏర్పాటు చేసినారు. ఆ ప్రకారం 2007లో కొక్కరె బెళ్ళూరు అటువంటి సామూహిక రక్షిత ప్రాంతమైనది. 2017 చివర, 2018 మొదట్లో పదులకొద్దీ గూడబాతులు వరుసగా చచ్చి పడినప్పుడు, ముందు కనిపెట్టి కబురు చేసేది చెట్టు క్రింద కాపురమున్నవారే గదా! పరీక్షలో కడుపులో పురుగులు కారణమని తేలినది.

ఇది ఈ ఒక్క ఊరి వింత కాదు. చెంగల్పట్టు వైపు ఉండే మన సభ్యులకు వేడన్‌తాంగల్ తెలిసే ఉంటుంది. వేడన్ అంటే వేటగాడు. వేటగాడి పేరు పెట్టుకొన్న ఊరే పక్షులకు కాపు కాచినది. దొరల సిపాయిలు వచ్చి చెరువులో పక్షులను కాల్చుతుంటే రైతులు పోయి కలెక్టరు లయొనెల్ ప్లేస్ దొరతో మొరపెట్టుకొని, 1798లో కౌలు వ్రాయించుకొన్నారు. వారికి పక్షులమీద ప్రేమ లేదని అనము. కాని వారి వాదంలో బలం వేరే ఉన్నది. రెట్టలు కలిసిన చెరువునీరు పారితే ఆ యేడు వరి బాగా పండుతుంది. ఇక్కడ నీరు ఆయకట్టులో అందరికీ పారుతుంది గనుక లాభం అందరికీ ముట్టినది. కొక్కరె బెళ్ళూరుకూ దీనికీ భేదం అక్కడే ఉన్నది. 1936లో ప్రభుత్వం దానిని పక్షిరక్షణ స్థలంగా గుర్తించేనాటికే రైతుల కాపలా నూటముప్పై యేండ్లు దాటినది. 2022లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలోనూ చేరినది.

శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల చెరువుల పక్కన ఉన్న కొల్లుకుడిపట్టివారు దీపావళికి టపాకాయలు కాల్చరు. అటవీశాఖవారు పండుగకు మిఠాయిలు పంచి కృతజ్ఞత చూపుతారు. పిల్లల టపాకాయల సరదాకు మిఠాయిపొట్లం సరిపోతుందా అంటే మేము చెప్పలేము. మా ఇంట్లో ఐతే చెల్లదు.

ఒడిస్సాలో చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి కథ తలక్రిందులుగా ఉంటుంది. అక్కడ పక్షులను చంపి అమ్మడమే చాలామందికి బ్రతుకు. 1990ల చివర కొందరు ప్రకృతిప్రియులు వారితో మాటలు మొదలుపెట్టి, 2000 ప్రాంతంలో శ్రీశ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడేటట్లు చేసినారు. వేటగాళ్ళే కాపలాదార్లు, పడవ నడిపి పక్షులను చూపేవారు అయినారు. ఏ పక్షి ఏ రెల్లులో దాగుతుందో వారికంటె ఎరిగినవారెవరు? చూడవచ్చినవారు పడవకు ఇచ్చే డబ్బు ఊళ్ళోనే పడుతుంది. ప్రేమను నమ్ముకొని ఊరకున్నవారికంటె, కూలి లెక్క ముందే చూచిన ఆ పెద్దలు వ్యవహారజ్ఞానం కలవారని మా అభిప్రాయం.

మన తెలుగుగడ్డమీద లేపాక్షికి దగ్గరగా చిలమత్తూరు మండలం వీరాపురంలోనూ, టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనూ ఇట్లాగే ఊరిచెట్లమీద ఈ పక్షులను కడుపులో పెట్టుకొని చూచుకొంటున్నారు. వానిని సైబీరియా కొంగలని పిలుస్తారు గాని అవి సైబీరియా ముఖం చూడలేదు. ఈ దేశపు పక్షులే. దూరదేశపు చుట్టాలంటే మర్యాద ఎక్కువ జరుగుతుందని కాబోలు, ఆ పేరు పోవడం లేదు.

కాని పోగొట్టుకొన్న లెక్క కూడ మనకు ఉన్నది. 1946లో కె. కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరిలో కొల్లేటికి దాపుగా, ఆరేడు అనే ఊరి దగ్గర తాటిచెట్లమీద పెద్ద గూడబాతుల పట్టును కనుగొన్నాడు. వందలకొద్దీ గూళ్ళు. 1970ల నడుమకు ఆ పట్టు ఖాళీ అయినది. ఇప్పుడు కొల్లేటిలో ఆటపాక దగ్గర గూడబాతులు మళ్ళీ గూళ్ళు పెడుతున్నవి. అయితే అవి కూర్చునేది అటవీశాఖవారు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్తంభాలమీద. చూచినవారు ఇనుప చెట్లంటారు. పక్షి సర్దుకొన్నందుకు సంతోషమే. కాని ఉన్న చింతచెట్టుకు ఏటా గుత్త ఇచ్చి నిలుపుకోవడం, లేని చెట్టుకు ఇనుముతో ప్రతి చేయించడం, ఈ రెండింటిలో ఏది చవకో మా ఆఫీసులో నిన్న చేరిన కుర్రవాడు కూడ చెప్పగలడు.

చింతమొక్క నాటితే కాపుకు రావడానికే ఏడెనిమిదేండ్లు దాటుతుంది. గూడబాతు గూటిని మోసే మానుకు ఒక తరం కావాలి. మొక్కలు నాటడానికి చందాలు సులభంగానే వస్తవి, ఫోటో కూడ పడుతుంది. నిలిచివున్న ముసలి చెట్టుకు చందా అడిగితే ఎవరికీ రుచించదు. కొక్కరె బెళ్ళూరుకు ఆదివారం కార్లలో వచ్చేవారు పెద్ద పెద్ద కెమేరాలతో రెండు గంటలు నిలబడి, ఇంటినుండి తెచ్చుకొన్న ఫలహారం తిని, ఒక్క రూపాయి అక్కడ దిగవిడువకుండా పోవడం మేము కండ్లారా చూచినాము. మేము తిన్న పులిహోరలోని చింతపండూ బెంగుళూరు బజారుదే.

మన సంఘంలో ఏటా కార్తీకంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనాలు జరుగుతవి. బస్సు, వంటవారు, షామియానా కలిపి ఎంతయ్యేదీ సభ్యులకు తెలియనిది కాదు. ఆ పద్దులోంచి ఏటా రెండు చింతచెట్ల గుత్త తీసి, ఆ ఊరి కమిటీ ద్వారా చెట్లవారికి ముట్టజెప్పి రసీదు తెచ్చుకోవచ్చునని మేము వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించదలచినాము. రెండు చెట్లతో ఏమవుతుందని కార్యవర్గంలో ఒక పెద్దలు అప్పుడే అన్నారు. రెండు చెట్లు నిలుస్తవి. ప్రతి చెట్టుమీద ఎన్ని గూళ్ళున్నవో వచ్చే మాఘంలో ఎవరైనా పోయి లెక్కపెట్టి చూపవచ్చును.

పోదలచినవారికి: పక్షులు చలికాలం మొదట్లో దిగి, వానలు పట్టేసరికి వెళ్ళిపోతవి. ఫిబ్రవరి, మార్చి మాసాలలో పిల్లలు గూళ్ళలో ఉంటవి గనుక అప్పుడు పోవడం మేలు. హారను మ్రోగించరాదు, చెట్టు క్రింద కేకలు వేయరాదు. చింతపండు దొరికితే అక్కడనే కొనండి. ఎండ లేకపోయినా గొడుగు వెంట ఉంచుకోండి. మా అబ్బాయి మాట వినక క్రొత్త చొక్కాతో చెట్టు క్రింద నిలబడ్డాడు.