పలనాటిలో తీరుబాటు యాత్ర



కారులో దూరము పోవుట, నచ్చిన చోట కారును నిలిపి ఒక దినము సైకిలు త్రొక్కుట, మరల కారెక్కి ముందునకు సాగుట - ఇట్టి యాత్ర ఐరోపా ఖండమున మిక్కిలి వాడుకలో నున్నది. జర్మనీ దేశపు సరిహద్దున నున్న పాసౌ పట్టణము మొదలుకొని ఆస్ట్రియా రాజధానియగు వియన్నా వరకు డాన్యూబు నది యొడ్డున మూడువందల కిలోమీటర్లకు మించిన సైకిలు బాట కలదు. నది వెంట పోవు బాట యగుటచే ఎగుడుదిగుడులు తక్కువ. పిల్లలును పెద్దలును కలసి త్రొక్కవచ్చును. మా మేనల్లుడు ఉద్యోగరీత్యా జర్మనీలో కాపురముండి, ఆ ప్రాంతమున భార్యాపుత్రులతో పది దినములు తిరిగెను. అందు సైకిలు త్రొక్కినది మూడు దినములే. తక్కిన దినములు కారులో పోయిరి, ఊరకుండిరి, ఊళ్లు చూచిరి. అతడు కార్తికమాసమునకు నరసరావుపేట వచ్చుచు, "మామయ్యా, అట్టి యాత్రయే మన పలనాటిలో చేయింపుము. అమ్మ కూడ రావలెను" అని వ్రాసెను.

వాని యమ్మ, అనగా మా యక్కయ్య, డెబ్బది దాటిన మనిషి. మోకాళ్లు పట్టుకొనిపోయినవి. ఆమెకు కోరికలు రెండు. కారెంపూడి వీరుల గుడిని తిరునాళ్ల దినములలో చూడవలెను. నాగార్జునకొండకు మరియొకమారు పోవలెను. మనుమనికి పదునాలుగేండ్లు. వానికి కావలసినది సైకిలు. మా మేనల్లునికి సెలవు ఎనిమిది దినములు. మరల వారు ఎప్పుడు వత్తురో, వచ్చినప్పుడు అక్కయ్య కారెక్కగలదో లేదో ఎవరికి తెలియును? కావున ఏర్పాటు జాగ్రత్తగా చేయవలసి వచ్చెను. ఆ ఏర్పాటు వివరములే నేడు నేను మనవి చేయబోవునది.

మొట్టమొదట కాలనిర్ణయము. పలనాటిలో వేసవి యెట్టిదో రెంటచింతల పేరు చెప్పినంతనే ఆంధ్రులందరకు తెలియును. ఫాల్గుణము వెళ్లిన పిదప ఇచ్చట సైకిలు యాత్ర తలపెట్టుట ఒడలికి చేటు. కార్తికము మొదలు మాఘము వరకు నున్న నాలుగు మాసములే తగినవి. అప్పుడు ప్రత్తి విచ్చియుండును, మిరపచేలు పచ్చగానో ఎర్రగానో యుండును, ఉదయము మంచు పట్టును. సైకిలు దినమున ఆరున్నరకు బయలుదేరి తొమ్మిదిన్నరకు ముగించుట మా నియమము. నడుమ నిలుచుటలు పోగా ఇరువది కిలోమీటర్లు సులువుగా సాగును. ఇరువదియైదు దాటినచో అది తీరుబాటు కాదు, పందెము.

రెండవది దూరముల మాట. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది, నరసరావుపేట ముఖ్యస్థానము. పేటలో ఉదయము బయలుదేరిన కారు మధ్యాహ్న భోజనమునకు ముందే మాచర్ల చేరును. ఇంత చిన్న సీమకు ఎనిమిది దినములేల యని మా బంధువులు నవ్విరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. ఆయన యాత్రకు మజిలీయే కొలత. నేటికి ఎచ్చట దిగుదుము, అచ్చట నీరెట్లున్నది, ఏమి దొరకును అను విచారముతోనే ఆ గ్రంథమంతయు నడచును. కారు వచ్చిన పిమ్మట మనము మజిలీని మరచి కిలోమీటర్లను పట్టుకొంటిమి. మేము మజిలీలనే లెక్కించి మూడు నిర్ణయించుకొంటిమి: నరసరావుపేట రెండు రాత్రులు, గురజాల రెండు రాత్రులు, విజయపురి సౌత్ మూడు రాత్రులు. దినదినము పెట్టె సర్దుట ముసలివారికి నడకకంటె కష్టము.

కారు డ్రైవరుతో సహా అద్దెకు తీసికొంటిమి. ఇది ఖర్చు గదా యనవచ్చును. కాని ఇంటివారిలో నొకరు కారు నడిపినచో వారు సైకిలెక్కలేరు. సైకిలెక్కినవారు కారు నడుపలేరు. డాన్యూబు తీరమున సైకిలును రైలులో వేసుకొని తిరిగి రావచ్చునట. ఇచ్చట ఆ వసతి నమ్మదగదు. పైగా పలనాటి రైలుమార్గములు రెండు వేరు వేరు దారులు. నరసరావుపేట గుంటూరు - గుంతకల్లు దారిపై నున్నది. మాచర్ల దారి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతలల మీదుగా పోవును. డ్రైవరునకు బత్తాతోపాటు రాత్రి పండుకొనుటకు మంచము చూపుట మన బాధ్యత యని నేను ముందే చెప్పియుంచితిని. నిద్రలేని డ్రైవరును నమ్మి ముసలివారిని పసివారిని ఎక్కించరాదు.

సైకిళ్లు రెండు. మేనల్లుడు గేర్ల సైకిలు కావలెననెను, నేను వలదంటిని. గేర్ల సైకిలునకు పల్లెలలో విడిభాగము దొరకదు. సాదా సైకిలు నెవరైనను బాగుచేయుదురు. పేటలో రెండు పాత సైకిళ్లు కొని, బ్రేకు కట్టలు, ముందు వెనుక టైర్లు క్రొత్తవి వేయించితిమి. పలనాటి దారుల ప్రక్కన తుమ్మముండ్లు, సూదిరాళ్లు మెండు. కావున గాలిపంపు, అదనపు ట్యూబులు, సొల్యూషను, అతుకులు తప్పక యుండవలెను. కారు వెనుక సైకిళ్లు కట్టునప్పుడు నంబరు పలక కనబడునట్లు చూచుకొనవలెను.

మొదటి సైకిలు దినము కోటప్పకొండకు. పేటకు సుమారు పండ్రెండు కిలోమీటర్లు. త్రికూటేశ్వరుని కొండ దూరమునుండియే మూడు శిఖరములతో కనబడుచుండును గనుక బాలునికి గురి యేర్పడును. మహాశివరాత్రికి ప్రభలు వచ్చు దారి యిదియే. అయితే ఘాటురోడ్డుపై సైకిలు నెక్కింపలేదు. ఎక్కుట కష్టమే గాని ప్రమాదము కాదు, దిగుటయే ప్రమాదము. పాత సైకిలు బ్రేకులను ఆ మలుపులలో నమ్మరాదు. కొండ దిగువనే సైకిళ్లు నిలిపి కారులో పైకి పోతిమి. మనుమడు ముఖము ముడుచుకొనెను గాని నేను వినలేదు. మరునాడు కారులో చేజర్ల పోయి కపోతేశ్వరుని చూచితిమి. ఏనుగు వీపువలె వంగిన కప్పుగల ఆలయమది; పూర్వము బౌద్ధచైత్యమని పండితుల యభిప్రాయము. పావురమునకై తన మాంసము కోసియిచ్చిన శిబి కథను జనులిచ్చట చెప్పుకొందురు.

ఇక కారెంపూడి. పండ్రెండవ శతాబ్దమున గురజాల నలగామరాజునకును మాచర్ల మలిదేవాదులకును జరిగిన యుద్ధము నాగులేటి యొడ్డున నున్న ఈ యూరిలోనే ముగిసినది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెము, బాలచంద్రుడు - ఈ కథ నెరుగని తెలుగువాడు లేడు. శ్రీనాథుడు దానిని ద్విపదలో కూర్చెనని ప్రసిద్ధి. కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు కొణతములను, అనగా వీరుల ఆయుధములను, ఊరూరినుండి తెచ్చెదరు. వీరవిద్యవంతులు రాత్రులందు కథ పాడుదురు. మందపోరునాడు చాపకూడు. కులభేదము విడిచి అందరు నొక్క చాపపై కూర్చుండి భుజించు ఆ యాచారమును బ్రహ్మనాయుడు స్థాపించెనందురు.

ఇచ్చట నాకు చిక్కు వచ్చెను. తిరునాళ్ల దినములలో దారి జనముతోను బండ్లతోను నిండియుండును. సైకిలునకు తావు లేదు, మోకాలి నొప్పి గలవారికి నిలుచుటకును తావు లేదు. తిరునాళ్లు గడచిన తరువాత పోదమనిన అక్కయ్య కోరిక తీరదు. ఆలోచించి మందపోరునాటి ఉదయమే కారెంపూడి చేరునట్లు ఏర్పరచితిని. ఆ దినమునకు సైకిలు లేదు. కారును ఊరి బయట నిలిపి, మడతకుర్చీ నొకటి మోసికొని మేనల్లుడు ముందు నడచెను. పది అడుగులకొకమారు కుర్చీ వేయుట, ఆమె కూర్చుండుట, మరల లేచుట. వీరుల గుడి చేరుటకు చాలసేపు పట్టెను. యాత్ర యంతటిలో మేము కొన్న వస్తువులలో ఎక్కువ ఉపయోగించినది ఆ కుర్చీయే. చాపకూటికి కూర్చుండునప్పుడు మాత్రము ఆమె కుర్చీ వలదని, ఇద్దరు పట్టుకొనగా నేలమీదనే కూర్చుండెను.

గురజాలలో మా దూరపు బంధువుల యిల్లు కలదు. అచ్చటినుండి కృష్ణయొడ్డున నున్న దైద వరకు రెండవ సైకిలు దినము. అమరలింగేశ్వరుడు బిలములో వెలసిన చోటది. ప్రత్తిచేల నడుమ పోవు పల్లెదారిలో లారీలు తక్కువ. సైకిలు దినములలో కారు ఎట్లు నడువవలెనో ఒక మాట. కారు సైకిలు వెంబడి ప్రాకరాదు. అది వెనుకవచ్చు బండ్లకు ఆటంకము, త్రొక్కువారికి చీకాకు. ముందుగా పోయి, నిర్ణయించిన ఊరి బస్సు ఆగుచోట నిలిచియుండవలెను. ఫోను అన్నిచోట్ల పలుకదు గనుక స్థలమును వేళను ముందే చెప్పుకొనవలెను. నీళ్లు సైకిలుపైనను ఉండవలెను, కారులోను ఉండవలెను.

గురజాలనుండి మాచర్ల పోవుచు చెన్నకేశవస్వామిని సేవించితిమి. చంద్రవంక యొడ్డున నున్న ఆలయము. సమీపముననే దుర్గి కలదు. అచ్చటి శిల్పులు నేటికిని రాతిని మలచుచున్నారు. దారి పొడవునను బాలునికి నేను చూపినది రాయియే. అమరావతి స్తూపపు ఫలకములు, నాగార్జునకొండ శిల్పములు ఈ పలనాటి సున్నపురాతివే. ఆ జాతి రాతినే పిడుగురాళ్లలో బట్టీలలో కాల్చి సున్నము చేయుచున్నారు. సిమెంటు కర్మాగారములును దానినే నమ్ముకొన్నవి. ఇండ్లకు పరచు నాపరాయి సరేసరి. శ్రీనాథునిదని చెప్పు చాటువొకటి ఈ సీమ రాళ్లను, తిండిని, తేళ్లను ఎగతాళి చేయును. రాళ్లలో బుద్ధుడున్నాడని ఆయన చూడలేదు కాబోలు!

మాచర్లనుండి సాగరమునకు సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు. నడుమ ఎత్తిపోతల. చంద్రవంక సుమారు డెబ్బది అడుగుల యెత్తునుండి దుమికి, కొంతదూరము పోయి కృష్ణలో కలియును. పైనుండి చూచుటయే మేలు. దిగువ మడుగులో మొసళ్లు కలవు. స్నానమను తలంపే కూడదు.

విజయపురి సౌత్‌లో మూడు రాత్రులు ఎందుకనగా, ద్వీపమునకు పోవు పడవ మన చేతిలో లేదు. గాలి, నీటిమట్టము, అధికారుల యనుమతి - వీనిని బట్టి నడచును. శుక్రవారము ప్రదర్శనశాల మూసియుండును. ఒక్కదినమే పెట్టుకొన్నవారు గట్టునుండి చూచి పోవుదురు. ముందుగా విచారించి, ఒకదినము తప్పినను మరియొకదినము మిగులునట్లు ఏర్పరచుకొనవలెను.

ఆ లోయలో శాసనములు 1926లో వెలుగుచూచినవి. లాంగ్‌హర్స్టు దొర 1927 నుండి 1931 వరకు త్రవ్వించెను. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున పెద్ద త్రవ్వకములు సాగినవి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఆ త్రవ్వకముల దినములలో మా తండ్రిగారు మాచర్లనుండి ఎడ్లబండిపై అక్కయ్యను తీసికొనిపోయిరి. ఆమెకు అప్పటికి ఆరేండ్లు. రాతిమెట్లపై కూర్చుండి పెరుగన్నము తిన్న జ్ఞాపక మొక్కటే ఆమెకు మిగిలినది. ఇక్ష్వాకుల విజయపురి నేడు నీటి యడుగున నున్నది.

మూడవ సైకిలు దినము అనుపునకు. రెండవ ఉదయమున పోతిమి. మునిగిపోవలసిన కొన్ని కట్టడములను ఊడదీసి యిచ్చట మరల నిలిపిరి. అందు రాతిమెట్ల రంగస్థల మొకటి కలదు. జలాశయము ప్రక్కన పోవు ఈ దారి పొట్టిది, నిశ్శబ్దమైనది. పలనాటిలో సైకిలునకు ఇంతకంటె మంచి దారిని నేనెరుగను. కారు ముందు చేరెను. అక్కయ్య ఆ మెట్లను చేతితో తడవి, "తమ్ముడూ, ఇవే యనుకొందును, కాని అప్పుడు చుట్టును వరిచేలుండెడివి" అనెను. అవునో కాదో నిర్ణయించుటకు మా తండ్రిగారు లేరు. మూడవ దినమున పడవ నడచెను. ద్వీపముపై ఆమె ప్రదర్శనశాలలోకంటె రేవు దగ్గర నీటిని చూచుచు ఎక్కువసేపు కుర్చీలో కూర్చుండెను. బాలుడు ఇచ్చట లోతెంత, ఊరు ఎటువైపున అని అడుగుచుండెను.

తిరుగుదారి పిడుగురాళ్ల మీదుగా. అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారిపై సిమెంటు లారీలు, సున్నపు లారీలు రేయింబవళ్లు తిరుగును; ఆ దారిపై సైకిలు దించనే రాదు. పేట చేరిన పిదప పెద్ద సైకిలును కొన్న అంగడికే తిరిగి అమ్మితిమి. చిన్నదానిని మాత్రము మనుమడు అమ్మనీయలేదు. గాలి తీసి, గొలుసునకు నూనె పెట్టి, అక్కయ్య ఇంటి వసారాలో తలక్రిందులుగా నిలిపి పోయెను.