ప్రజాభిప్రాయం - పునర్విచారం

శ్రీకాకుళానికి సమీపంలోని శ్రీకూర్మ క్షేత్రంలో ఆలయ స్తంభాలపై అనేక దానశాసనాలు కనిపిస్తాయి. అఖండ దీపాలకూ నివేదనలకూ తాము చేసిన దానాలు ఆచంద్రార్కం నిలవాలని ఆనాటి దాతలు వాటిని రాతిపై చెక్కించారు. రాచరికంలో ప్రభువు మాటే శాసనం. ప్రజాస్వామ్యంలో ప్రభువులు ప్రజలే. అయితే ప్రజల తీర్పు కూడా శిలాక్షరమేనా? ఒక సమాఖ్యలో ఉండాలా, వైదొలగాలా అన్న విషయంపై ఒకసారి తీర్పు చెప్పినవారిని మరల అడగవచ్చునా?

ఈ ప్రశ్న ఇటీవలి కాలంలో బ్రిటన్‌ను కలవరపరచింది. ఆ దేశం 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. 1975లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 67 శాతం ఓటర్లు అందులో కొనసాగాలన్నారు. 2016 జూన్ 23న మరల అడిగినప్పుడు 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుండి వైదొలగాలన్నారు. ఎట్టి షరతులపై వైదొలగాలో ఆనాటి ఓటుపత్రంలో లేదు. షరతులు తెలిసిన తరువాత ఇంకొకసారి అడగాలని కొందరు, అది ప్రజాతీర్పును ధిక్కరించడమేనని మరికొందరు వాదించారు. మరల ఓటింగు జరగలేదు. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను వీడింది.

మన రాష్ట్రాల విషయంలో ఇట్టి ఓటింగుకు రాజ్యాంగం అవకాశం కల్పించలేదు. మూడవ అధికరణం ప్రకారం రాష్ట్రాలను ఏర్పరచే అధికారం పార్లమెంటుదే. సంబంధిత శాసనసభ అభిప్రాయాన్ని కోరాలి కాని, దానికి కట్టుబడనక్కరలేదు. అయినప్పటికీ కలయిక, విభజన అనే సమస్య తెలుగువారి ముందు పలుమార్లు నిలిచింది. ప్రజల మనోభావం కాలానుగుణంగా ఎట్లు మారుతుందో తెలుసుకొనడానికి ఆ చరిత్రే చక్కని నిదర్శనం.

1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజధానిలోని ఉద్యోగాలలో తమకు చోటుండదన్న భయంతో కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో ‘జై ఆంధ్ర’ ఉద్యమం చెలరేగింది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గౌతు లచ్చన్న ఆ ఉద్యమ నాయకులలో ప్రముఖులు. 1973లో వెలువడిన ఆరు సూత్రాల పథకంతో అది చల్లారింది. నలభై ఏండ్లు గడిచాయి. ఈలోగా విద్య, ఉద్యోగాలు, పెట్టుబడులు హైదరాబాదు చుట్టూ పెరిగాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుండి బతుకుతెరువు కోసం ఎందరో అక్కడికి తరలివెళ్లారు. 2013లో విభజన నిర్ణయం వెలువడగానే, ఒకనాడు విడిపోవాలన్న ప్రాంతమే సమైక్యాంధ్ర కోసం వీధులకెక్కింది. అక్టోబరులో విజయనగరంలో కర్ఫ్యూ విధించవలసి వచ్చింది. ఈ రెండింటిలో ఏది నిజమైన ప్రజాభిప్రాయం? రెండూ నిజమైనవే. మారినది ప్రజల చిత్తశుద్ధి కాదు, పరిస్థితి.

పరిస్థితి మారితే అభిప్రాయమూ మారుతుంది కనుక మరల అడగడం దోషం కాదు. కాని తమకు నచ్చిన సమాధానం వచ్చేవరకు అడుగుతూ పోవడం న్యాయం కాదు. ఈ రెండింటి నడుమ హద్దు గీసేది ముందుగా కుదుర్చుకొన్న నియమం. అట్టి నియమాన్ని 1955లో ఫజల్ అలీ కమిషన్ సూచించింది. తెలంగాణ కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా ప్రత్యేకంగా ఉండాలనీ, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతులు సమ్మతిస్తే ఆంధ్రతో కలవవచ్చుననీ సిఫారసు చేసింది. ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి, ఎంత ఆధిక్యం కావాలి అన్న మూడింటికీ అందులో సమాధానముంది. ఆ గడువుకై వేచి ఉండకుండానే, 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై ఆధారపడి ఆ ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆ ఒప్పందం సక్రమంగా అమలు కాలేదన్న అసంతృప్తి 1969లో తెలంగాణ ఉద్యమమై రగిలింది.

ఉత్తర ఐర్లాండులో 1998 నాటి ఒప్పందం ఇట్టి నియమాన్నే పాటించింది. ఐర్లాండుతో ఐక్యతపై ఒకసారి ఓటింగు జరిగితే, మరొకటి జరపడానికి కనీసం ఏడేండ్లు ఆగాలని అది నిర్దేశించింది. ఓడినవారికి ఆశ మిగులుతుంది, గెలిచినవారికి స్థిరత్వం లభిస్తుంది. ఫలితం చూచిన తరువాత కోరే పునర్విచారానికి ఈ గౌరవం దక్కదు. దానిపై పక్షపాతమనే అనుమానం తప్పదు.

విభజన జరిగిన పిదప వెనుకకు మరలడం సులభం కాదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆపై ఉద్యోగులు, ఆస్తులు, నదీజలాలు, సంస్థలు పంపకానికి వచ్చాయి. ఇట్టి పంపకాలను మరొక ఓటు రద్దు చేయలేదు. కనుక రెండవసారి అడగవలసి వస్తే, నిర్ణయానికీ అమలుకూ నడుమనే, షరతులన్నీ ప్రజల ముందుంచి అడగాలి. ఆ అవకాశం ఉంటుందో లేదో మొదటి ఓటుకు ముందే చెప్పాలి. అడిగేవారు ఈ నియమాన్ని పాటించినప్పుడే, ఓడినవారు సైతం ఆ తీర్పును తమదిగా భావించి శిరసావహిస్తారు.