ఫోటోలో కానరాని పడవవాడు

రాజమహేంద్రవరమునకు పడమటి దిక్కున గోదావరి ప్రవహించుచున్నది. అందుచే సాయంకాలమున రేవుమెట్లపై కూర్చున్నవారికి సూర్యుడు నదికావల కొవ్వూరు వైపున అస్తమించుట కన్నులపండువుగా కానవచ్చును. 1900 నుండి 1997 వరకు రైళ్లను మోసి విశ్రమించిన హేవలాక్ వంతెన స్తంభములు ఆ వెలుగులో నల్లగా బారులుతీరి నిలుచును. ఉద్యోగ విరమణానంతరము నేను కెమెరా పట్టుట నేర్చినది ఈ రేవులోనే.

అక్కడ చిన్న పడవలో వలవేయు వృద్ధుడొకడు నాకు పరిచితుడు. చేతుల బలము తగ్గినదనియు, ఆ యేటితో పడవను అమ్మివేయుదుననియు చెప్పి, పడవతో తన ఫోటో యొకటి తీసి యిమ్మని కోరెను. నేను సంతోషముతో ఒప్పుకొంటిని.

ఒకనాడు ప్రొద్దుక్రుంకిన అరగంటకు కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై బిగించి, అతడు పడవ నడుపుకొని పోవుచుండగా ఫోటో తీసితిని. షట్టరు ముప్పది సెకనులు తెరచియుండెను. అలలన్నియు కరగిపోయి నది పరచిన పట్టుబట్టవలె వచ్చినది. కొంత గర్వపడితిననియే చెప్పవలెను. మరునాడు అతనికి చూపితిని. అతడు చాలసేపు పరికించి, "మాస్టారండీ! వంతెనుంది, గట్టుంది. నేనేనాండీ లేనిది?" అని అడిగెను.

నిజమే. పడవయు లేదు, పడవవాడును లేడు!

కారణము వినుడు. కెమెరాలోనికి వెలుగు వచ్చుట, కాలువ తూము నుండి మడికి నీరు వచ్చుటవంటిది. తూము తలుపు ఎంత ఎత్తితిమి, ఎంతసేపు ఎత్తి యుంచితిమి అను రెండింటిని బట్టి మడి తడియును. కెమెరాలో తూము వెడల్పు వంటిది కటకద్వారము. ఎత్తి యుంచిన కాలము వంటిది షట్టరు వేగము. ద్వారమును 4, 5.6, 8, 11, 16 అను అంకెలతో గుర్తింతురు. ఇచ్చట ఒక తిరకాసున్నది: అంకె పెరిగిన కొలది ద్వారము చిన్నదగును. కటక నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగింపగా వచ్చు సంఖ్య యగుటచే ఇట్లు తలక్రిందుగా నుండును. ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. కావున 4 వద్ద సెకనులో 250వ వంతు, 8 వద్ద 60వ వంతు, 16 వద్ద 15వ వంతు తెరచినచో మూడు ఫోటోలకును ఇంచుమించు ఒకే వెలుగు చేరును. వెలుగు ఒకటే, నది మాత్రము ఒకటి కాదు. మొదటి దానిలో తెడ్డునుండి జారిన చుక్కలు గాలిలో నిలిచిపోవును. మూడవదానిలో అవి తెల్లని చారలగును.

ఇక ముప్పది సెకనులలో వంతెన ఒకే చోట నుండి తన వెలుగునంతయు ఒకే చోటికి పంపినది. పడవ యట్లు కాదు. క్షణమొకచోట నుండుటచే ఎక్కడను తన గురుతు నిలుపజాలకపోయినది. 1838లో పారిస్ నగరమున డాగ్యుర్ అను నతడు రద్దీగల వీథిని ఫోటో తీసినప్పుడును ఇదే జరిగినది. ఆ కాలపు పలకకు నిమిషముల కొలది వెలుగు కావలసి యుండెను. బండ్లు, జనులు మాయమైరి. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన యొక్క మనిషి మాత్రము స్పష్టముగా మిగిలెను. ఆ బొమ్మను చూచినప్పుడెల్ల నాకు మన పడవవాడే జ్ఞప్తికి వచ్చును.

రెండవ సాయంకాలము ప్రొద్దుక్రుంకిన కొద్ది నిమిషములకే, పొడవైన లెన్సుతో, ద్వారము 4, షట్టరు 250వ వంతు పెట్టితిని. వెలుగు చాలలేదు గనుక ఐ.ఎస్.ఓ. అను మూడవ మీటను 100 నుండి 800కు పెంచితిని. అది అందిన కొద్ది వెలుగునే హెచ్చుచేసి చూపును. ఈసారి పడవవాని మొగముపై ముడుతలు, వల పోగులు సయితము తెలియవచ్చినవి. కాని ద్వారము పెద్దదగుటచే దూరపు వంతెన మసకబారినది. "వంతెన అలికినట్టుందేటండీ?" అని అతడు మరల నన్ను పట్టుకొనెను. ఇరువది యేండ్లు పిల్లల పరీక్షాపత్రములు దిద్దిన నాకు ఇంత నిశితముగా తప్పులు పట్టువాడు తటస్థపడలేదు!

మూడవనాడు వంతెనకై ద్వారమును 11కు తగ్గించితిని. కోల్పోయిన మూడు మెట్లను పూరించుటకు ఐ.ఎస్.ఓ.ను 6400కు తీసికొనిపోవలసి వచ్చెను. వంతెన తేటపడెను, కాని బొమ్మయంతట ఇసుక చల్లినట్లు చుక్కలు లేచి, అతని మొగము గరుకైపోయెను.

మూడు ఫోటోలను కాగితముపై అచ్చువేయించి మెట్లపై పరచితిని. అతడు మొదటిదానిని ప్రక్కకు నెట్టెను. మిగిలిన రెంటిని చేతులలో పట్టుకొని వెలుగుకెత్తి మార్చి మార్చి చూచి, రెండవదానిని చొక్కా జేబులో పెట్టుకొని పడవయొద్దకు నడచెను.