నెట్ ఉంది, సైట్ మాత్రం తెరుచుకోదు

ఘాజియాబాద్‌లోని ఒక ఫ్లాట్‌లో డిగ్రీ విద్యార్థిని పరీక్ష ఫీజు కట్టడానికి కూర్చుందనుకుందాం. గడువు ఆ రాత్రికే. ల్యాప్‌టాప్‌లో వార్తలు వస్తున్నాయి, పాటలు వస్తున్నాయి. కాలేజీ సైట్ ఒక్కటే రాదు. మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైతో ఫోన్‌లో చూస్తే వెంటనే తెరుచుకుంది. అంటే నెట్ కంపెనీని తిట్టుకుని లాభం లేదు. లోపం ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

మనం టైప్ చేసిన పేరును కంప్యూటర్ ముందుగా ఐపీ అడ్రస్ అనే అంకెల చిరునామాగా మార్చుకోవాలి. అందుకు డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. అయితే బయట అడిగే ముందు ఇంట్లోనే ఒకసారి వెతుకుతుంది, ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైల్‌లో.

దీని వెనుక పాత కథ ఉంది. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫీన్లర్ బృందం దాన్ని సవరిస్తుంటే, మిగతావారు కాపీ తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. పాత ఫైల్ మాత్రం పోలేదు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఇప్పటికీ ఉంది. సాధారణంగా అందులో రాసిందే ముందు చెల్లుతుంది, అది తప్పయినా సరే.

దాన్ని పట్టుకునే ఉపాయం సులువే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎన్‌ఎస్‌లుకప్’ అని, పక్కన సైట్ పేరు టైప్ చేయాలి. ఇది హోస్ట్స్ ఫైల్‌ను చూడకుండా నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. ‘పింగ్’ మాత్రం ఆ ఫైల్‌ను చూశాకే వెళ్తుంది. రెండూ వేర్వేరు చిరునామాలు చూపిస్తే అనుమానించాల్సిందే. (పెద్ద సైట్లకు చిరునామాలు చాలా ఉంటాయి కాబట్టి వాటి విషయంలో తొందరపడకూడదు.) ముందు ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్’ కమాండ్‌తో కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత జవాబులను చెరిపేయాలి. అప్పటికీ తేడా ఉంటే హోస్ట్స్ ఫైల్‌ను అడ్మినిస్ట్రేటర్ అనుమతితో తెరిచి చూడాలి.

అక్కడ కాలేజీ పేరు పక్కన పాత సర్వర్ చిరునామా కనిపించిందనుకుందాం. ఆ ల్యాప్‌టాప్‌ను ఇదివరకు వాడినవారెవరో సైట్‌ను పరీక్షించడానికి రాసి, తీసేయడం మరిచిపోయి ఉండొచ్చు. వాక్యం ముందు ‘#’ గుర్తు పెడితే కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. ఫీజు కట్టేయొచ్చు.

బ్యాంకు పేరు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. కొన్ని వైరస్‌లు ఇక్కడే నకిలీ సైట్ చిరునామా రాస్తాయి. బ్రౌజర్‌లో సరైన పేరే కనిపిస్తుంది, తెరుచుకునేది దొంగ పేజీ. అలాంటప్పుడు బ్రౌజర్ సాధారణంగా సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిస్తుంది. దాన్ని దాటి ముందుకెళ్ళకుండా, యాంటీవైరస్‌తో ల్యాప్‌టాప్‌ను పూర్తిగా వెతికించి, పాస్‌వర్డ్‌ను వేరే పరికరం నుంచి మార్చుకోవాలి.