తేలెడు గాజుకాడ నిజము చెప్పుచున్నదా?

వంశధారానది కళింగపట్నమువద్ద సముద్రములో కలియును. ఆ తీరపు ఇసుకనేలలలో తాటిచెట్లు పెరుగును. వాటినుండి దించిన తియ్యని నీరాను త్రాగుటకును, కాచి తాటిబెల్లము చేయుటకును వాడుదురు. లొట్టిలోపల సున్నము పూయనిచో ఆ రసము కొన్ని గంటలలోనే పులిసి కల్లగును. లొట్టిలోనిది మంచి నీరాయా, పులిసినదా, నీళ్లు కలిసినదా యను సందేహము కలిగినపుడు హైడ్రోమీటరు తోడ్పడును. కాని ఆ పరికరమే తప్పు చూపినచో, తెల్లవారకముందే చెట్టెక్కి దిగిన గీతకానికి నష్టముతోపాటు నిందయు మిగులును. కావున పరుల సరకును పరీక్షించుటకు ముందు మన పరికరమును పరీక్షించుట న్యాయమని మేము తలంచెదము.

హైడ్రోమీటరనగా అడుగున బరువుగల గాజుబుడ్డి; దానిపై సన్నని కాడ; కాడలోపల అంకెలు వేసిన కాగితము. ద్రవము చిక్కనైనకొలది అది పైకి తేలును. ఆర్కిమెడీసు సూత్రమే దీనికి ఆధారము. మంచినీటి విశిష్ట గురుత్వము 1.000. చక్కెర కరగినచో అది పెరుగును. రసము పులియునపుడు చక్కెర మద్యసారముగా మారును. మద్యసారము నీటికంటె తేలిక. కావున అంకె తగ్గును. ఇంట బీరు చేసికొను పాశ్చాత్యులు పులియుట ఎంతవరకు సాగినదో ఈ తగ్గుదలను బట్టియే గ్రహింతురు.

ఇక పరీక్ష. మొదట గాజును సబ్బునీటితో కడిగి తుడువవలెను. జిడ్డుగాని, బీటగాని ఉన్నచో కొలత నమ్మరాదు. పొడవైన గాజుపాత్రలో స్వేదనజలము పోసి, పరికరమును మెల్లగా దింపి, బుడగలు పోవునట్లు ఒకసారి త్రిప్పవలెను. అది పాత్ర అంచును తాకరాదు. కాడను అంటి పైకి ప్రాకిన నీటి అంచును గాక, నీటిమట్టమునకు కన్ను సరిగా నుంచి అచటి గీతను చదువవలెను. అది 1.000 చూపవలెను.

ఇది సరిపోయినంతమాత్రమున పరీక్ష ముగియలేదు. 100 గ్రాముల పంచదారను 900 గ్రాముల నీటిలో పూర్తిగా కరగింపుడు. రెంటిని తూచియే తీసికొనవలెను, గ్లాసులతో కొలువరాదు. ఇందులో పరికరము 1.040 చూపవలెను. నీటిలో 1.002, పంచదార నీటిలో 1.042 చూపినచో లోపలి కాగితము జారినదని ఊహింపవచ్చును; ప్రతి కొలతనుండి 0.002 తీసివేసినచో చాలును. రెండుచోట్ల తేడా వేర్వేరుగా ఉన్నచో గీతల అమరికయే తప్పు; అట్టి పరికరమును తీర్పులకు వాడరాదు.

వేడిమిని మరువరాదు. ఏ వేడిమివద్ద చదువవలెనో పరికరముపైననే వ్రాసియుండును: కొన్నిటికి 20 సెంటీగ్రేడు డిగ్రీలు, కొన్నిటికి 60 ఫారన్‌హీటు డిగ్రీలు. వేసవిలో మన నీరు 30 సెంటీగ్రేడు డిగ్రీలున్నపుడు, నిర్దోషమైన పరికరము సైతము రెండు మూడు వేయవవంతులు తక్కువ చూపును. ఆ లోటును గీతకాని ఖాతాలో వేయుట అన్యాయము.

వెలుగు వంపునుబట్టి చక్కెరను తెలుపు రిఫ్రాక్టోమీటరును గూడ ఇట్లే పరీక్షింపవచ్చును: అది నీటికి సున్న, పైన చెప్పిన పంచదార నీటికి 10 చూపవలెను. అయితే పులియుట ఆరంభమైన పిదప మద్యసారము దానిని మోసగించును; ఉన్నదానికంటె హెచ్చు చక్కెర కలదని అది చెప్పును.

పరికరము సరియైనదని తేలినను ఒక పరిమితి ఉన్నది. అంకె తగ్గుటకు పులియుటయు కారణము కావచ్చును, నీళ్లు కలియుటయు కారణము కావచ్చును. ఏది నిజమో అంకె చెప్పజాలదు. నురుగు, వాసన, పులుపు చూచి నిర్ణయింపవలెను. పులిసినచో తప్పు సున్నముదో, ఆలస్యముదో కావచ్చును. నీళ్లు కలిపినచో అది మనుష్యుని తప్పు. ఈ రెంటిని ఒకటిగా ఎంచకుండుటయే కొలతపట్టినవాని ధర్మము.