రసీదు వెనుక షరతులు

లాండ్రీలో బట్టలు వేసినా, స్టేషనులో సామాను అప్పగించినా మన చేతికి ఒక చిన్న రసీదు వస్తుంది. దాని వెనుక సన్నని అక్షరాలలో “వస్తువు పోయినచో మేము బాధ్యులము కాము” అని ఉంటుంది. దానిని చదివేవారు అరుదు. వస్తువు పోయిన నాడు ఆ వాక్యమునే చూపుతారు. మనము మారు మాటాడక తిరిగి వస్తాము. ఆ వాక్యమునకు నిజముగా అంత బలమున్నదా?

ఇట్టి దానిని బాధ్యతా విముక్తి షరతు అంటారు. సమానులైన ఇద్దరు వర్తకులు నష్టభారము ఎవరిదో ముందే నిర్ణయించుకొనుట సబబే. ఒకరు అచ్చు వేసిన షరతును మరొకరు మార్చలేని చోటనే చిక్కు వస్తున్నది. అందుచేత న్యాయస్థానములు మూడు ప్రశ్నలు వేస్తాయి.

మొదటిది: ఒప్పందమునకు ముందే షరతును తెలిపినారా? ఇంగ్లండులో ఒక హోటలు గదిలో అతిథి వస్తువులు చోరీ అయినవి. తమకు బాధ్యత లేదన్న ప్రకటన గదిలో ఉన్నది. ఒప్పందమో, అంతకు ముందు కౌంటరు వద్దనే ముగిసినది. కనుక ఆ ప్రకటన చెల్లదని అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది.

రెండవది: షరతు స్పష్టముగా ఉన్నదా? మాట రెండర్థములకు తావిచ్చినచో, దానిని వ్రాసినవారికి ప్రతికూలమైన అర్థమునే కోర్టు గ్రహిస్తుంది.

మూడవది: చట్టము దానిని అంగీకరిస్తుందా? 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 151వ సెక్షను ప్రకారము, అప్పగించిన వస్తువును సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును కాపాడుకొన్నంత జాగ్రత్తతో కాపాడవలెను. 23వ సెక్షను ప్రకారము ప్రజాహితమునకు విరుద్ధమైన ఒప్పందము చెల్లదు. మద్రాసులో ఒక లాండ్రీ కొత్త చీరను పోగొట్టి, రసీదు షరతు చూపి, విలువలో కొద్ది భాగమే ఇస్తామన్నది. ఇట్టి షరతు చెల్లినచో పరుల చీరను కొద్ది సొమ్ముకే దక్కించుకొనుటకు దారి ఏర్పడదా? ఆ షరతు ప్రజాహితమునకు విరుద్ధమని అచటి హైకోర్టు త్రోసిపుచ్చినది. ఈ తీర్పు 1966 నాటి న్యాయ నివేదికలలో ఉన్నది.

అయితే “మేము చదవలేదు” అనుట మాత్రము చాలదు. సంతకము చేసిన పత్రము సాధారణముగా మనలను కట్టివేస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయమైన ఒప్పందములపై రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఫిర్యాదు చేసే వీలు కల్పించినది.

కనుక సంతకమునకు ముందు చదువుదాము. అర్థము కానిచో అడుగుదాము. వస్తువు పోయినచో నిరాశతో రసీదును చింపివేయక భద్రపరచుదాము. అచ్చులో ఉన్నదెల్లా చట్టము కాదు.